వెనక కూర్చున్నవాడు

అల్ వర్సాన్, దుబాయ్
10 జనవరి 2025

బావా,

ఫోన్లో నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను "బాగే" అంటాను, ఖలాస్. అందుకే కాగితం పట్టాను. నీ ఎడమ చెవిని కంకర మిల్లు తినేసింది, నా నోటిని ఏది తిన్నదో తెలియదు. ఇక్కడ అంజిబాబు అని భీమవరం వైపు కుర్రాడు ఉన్నాడు. రాసింది ఫొటో తీసి నీ బిడ్డ ఉమాదేవి ఫోనుకు పంపుతాడు. చదవొద్దని చెప్పాను. చదువుతాడు.

నేను బాగానే ఉన్నాను, మోకాళ్ళు తప్ప. గేటు దగ్గర కుర్చీకి ఒక కాలు పొట్టి. మార్చమని అడిగితే కాలి కింద అట్టముక్క పెట్టిపోయారు. కంపెనీ అంటే అంతే.

నీ కొడుకు నరేశ్ టవరు కట్టే సైటు నుంచి కిందికి దిగాడు. ఇప్పుడు నేను కాపలా కాసే స్టోరులోనే టైల్స్ పెట్టెలు దించుతున్నాడు. పైన రేకు ఉంది, నీడ ఉంది. పని బాగా చేశాడని దించారనుకోకు. ఇక్కడ పని బాగా చేసినవాణ్ణి ఇంకో అంతస్తు పైకి ఎక్కిస్తారు. ఆట ఆడతాడని దించారు.

మా ముదీర్, అదే మేనేజరు, అమెరికాలో చదివొచ్చాడు. చదువుకన్నా ఎక్కువ అక్కడి ఆట పట్టుకొచ్చాడు. బేస్‌బాల్ అంటారు. పనివాళ్ళతో ఒక జట్టు కట్టించాడు. అది చూసి పక్క కంపెనీలూ కట్టాయి. ఆదివారం సాయంత్రం స్టోరు వెనక ఇసుకలో ఆడతారు. జట్టులో ఉన్నవాళ్ళు అలిసిపోకూడదని స్టోరు డ్యూటీ వేస్తాడు. మిగతావాళ్ళు అలిసిపోవచ్చు.

ఆటలో ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కర్రతో కొట్టి ఉరుకుతాడు. ఇసుకలో నాలుగు గడులు ఉంటాయి, అవన్నీ చుట్టి మొదటి చోటికి, అంటే 'ఇంటికి', వస్తే ఒక రన్ను. కొట్టేవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేవాణ్ణి క్యాచర్ అంటారు. మన నరేశ్ అదే. ఫొటో పంపుతున్నాను, అక్కకు చూపించు. ముఖం మీద ఇనుప జాలీ ఉన్నవాడే నీ కొడుకు.

గేటు కాడి హన్మంతు

◆

దామరపల్లి
17 జనవరి 2025

బామ్మర్దీ,

ఫొటో చూశాము. మీ అక్క చంద్రవ్వ ముందు గుర్తే పట్టలేదు. "గీ బోనుల ఎవణ్ణి పెట్టిండ్రే" అన్నది. గుర్తు పట్టినాక ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు సిగ్గు వేసింది.

వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ముందు ఒకడు కర్ర పట్టుకుని పెళ్ళికొడుకులాగా ఉన్నాడు. నావాడు మాత్రం వాడి పిర్రల వెనక నేల మీద కూర్చున్నాడు. మన బడిలో పాఠం రానివాణ్ణి సారు అట్లాగే కూర్చోబెట్టేవాడు. నీకు బాగా తెలియాలి, రోజూ కూర్చునేవాడివి. వాడేం తప్పు చేశాడు? నిజం రాయి. మేనమామవు కదా అని నీ చేతిలో పెట్టి పంపితే, వాణ్ణి కుక్కలా కూర్చోబెడుతుంటే ఫొటోలు తీస్తున్నావా?

ఉమాదేవి ఆ ఫొటోను అందరికీ పంపింది. కటింగ్ షాపులో అంటున్నారట, "భూమేశ్ కొడుకు దుబాయ్‌ల తేనెటీగలు పట్టే పనిల ఉన్నడా" అని.

బర్రె ఈనింది. దున్నపోతు పుట్టింది. ఈ ఏడు అన్నీ ఇట్లాగే ఉన్నాయి.

ఒంటిచెవి భూమేశ్

◆

అల్ వర్సాన్
25 జనవరి 2025

బావా,

నీ ఉత్తరం అంజిబాబు నాకన్నా ముందే చదివి కడుపు పట్టుకుని నవ్వాడు. "మీ బావగారు భలే రాస్తారండీ" అన్నాడు. నీ పరువు భీమవరం దాకా పోయింది.

అది శిక్ష కాదు. వాడి పనే అది. ఆ కూర్చున్నవాడు లేకపోతే ఆటే లేదు. చెప్తాను, విను. ఒక్క చెవితో అయినా విను.

కర్ర పట్టుకున్న పెళ్ళికొడుకు పేరు షాహబాజ్. బోధన్ పిల్లగాడే. పదిసార్లు ఊపితే మూడుసార్లు తగిలించుతాడు, ఏడుసార్లు గాలిని కొడతాడు. ఆ మూడింటికి ఈలలు, చప్పట్లు, ముదీర్ చేతుల మీదుగా చల్లటి జ్యూసు. పదింట్లో ఏడు టైల్స్ పగలగొట్టి మూడు అతికించినవాణ్ణి మన దగ్గర ఏమంటారు? ఇక్కడ హీరో అంటారు.

విసిరేది అంజిబాబు. వాడి చేతికి వేగం ఉంది, బుద్ధి లేదు. బంతి ఒకసారి ఆకాశంలోకి, ఒకసారి ఇసుకలోకి పోతుంది. అవన్నీ నరేశ్ ఆపుతాడు. గీత పక్కగా వచ్చిన బంతిని కూడా పట్టి, చేతిని ఇంత లోపలికి తెచ్చి ఊరికే నిలుపుతాడు. అంపైరుకు అది నేరుగా వచ్చినట్టే కనబడుతుంది. అంజిబాబు బాగా వేశాడంటాడు. అంజిబాబు కూడా తానే బాగా వేశాననుకుంటాడు.

ఇంకో సంగతి. బంతి విసిరే లోపల ఒక గడి నుంచి ఇంకో గడికి దొంగగా ఉరికేవాళ్ళు ఉంటారు. అది ఆటలో ఒప్పేనట. నరేశ్ కూర్చున్న చోటి నుంచే లేచి విసిరాడంటే బంతి ఆ గడికి ముందే చేరి, ఉరికినవాడు దుమ్ములో బోర్లా పడి ఔటవుతాడు. అట్లా కొందరు పడ్డాక ఇప్పుడు ఎవడూ ఉరకడం లేదు. ఉరకనివాళ్ళను ఎవడు లెక్కపెడతాడు? రన్ను కొట్టినవాడి పేరు బోర్డు మీద రాస్తారు. రన్ను రానివ్వనివాడికి ఆ బోర్డులో చోటే లేదు.

చిక్కు అక్కడే వచ్చింది. నరేశ్ కర్ర పడితే బంతి తగలదు. నేను చూశాను, ఈగలు తోలినట్టు ఉంటుంది. ముదీర్ చూసేది బోర్డు ఒక్కటే. రంజాన్ పండగ అయ్యాక రన్నులు లేనివాళ్ళను తిరిగి సైటుకు పంపుతానన్నాడు. అంటే సరిగ్గా ఎండలు మొదలయ్యేటప్పుడు. కిందటేడు ఎండకు వాడు పైన కళ్ళు తిరిగి కూర్చుండిపోయిన సంగతి అక్కకు చెప్పొద్దన్నాడు. నీకు చెప్తున్నాను.

నువ్వు ఫోన్ చేసినప్పుడు ఒక మంచి మాట చెప్పు, చాలు.

హన్మంతు

◆

దామరపల్లి
20 ఫిబ్రవరి 2025

బామ్మర్దీ,

చెప్పాను. వాడికి ఒకటే మాట చెప్పాను, "లెవ్" అని.

కిందినుంచి లేచి నిలబడు, కర్ర పట్టు, నలుగురికీ కనబడేచోట నిలబడి ఆడు, అని చెప్పాను. కూర్చునే పని ఇంకొకడికి ఇమ్మని మీ సారును అడుగు, అడగకపోతే నాకు ఫోన్ చెయ్యకు, అన్నాను. సరే నాయినా అన్నాడు. నువ్వు వాడికి ఏమేమి నూరిపోశావో గానీ నా మాట ఇంకా వింటాడు.

నువ్వు పెద్ద ఉత్తరం రాశావు. నేను అంతా చదివాను. పట్టేవాడు గొప్పవాడు అని రాశావు. గొప్పవాడైతే బోర్డు మీద పేరు ఎందుకు లేదు? నువ్వే రాశావు, లేదని. నీ ఉత్తరానికి నీ ఉత్తరమే జవాబు.

పసుపు తవ్వకం నడుస్తోంది. కూలీలు దొరకరు. దొరికినవాళ్ళు ఫోన్లు చూస్తారు.

భూమేశ్

◆

అల్ వర్సాన్
9 ఏప్రిల్ 2025

బావా,

పండగ అయిపోయింది. ఇక్కడివాళ్ళు బిర్యానీ పంచారు, నేనూ తిన్నాను. ఇప్పుడు నువ్వు తినాల్సింది ఉంది.

నీ మాట విని నరేశ్ ముదీర్ దగ్గరికి పోయాడు. కూర్చోను, నిలబడి ఆడతాను అన్నాడు. ముదీర్‌కు అది బాగానే నచ్చింది. "గుడ్, గుడ్" అన్నాడు. వాడికి ఏం చెప్పినా గుడ్డే. షాహబాజ్‌ను క్యాచర్‌గా కూర్చోబెట్టాడు, ఎట్లాగూ రన్నులు కొడతాడు కదా, ఇది కూడా చేస్తాడని. గోడ కట్టేవాడు వంట కూడా చేస్తాడనుకునే రకం.

ఏమైందో రాయనా? అంజిబాబు బంతులు షాహబాజ్ కాళ్ళ సందు నుంచి, భుజం మీది నుంచి స్టోరు రేకులకు తగిలి ధన్ ధన్ అన్నాయి. వాటిని ఏరుకు రావడానికి షాహబాజ్ జాలీ పైకెత్తుకుని ఉరికేవాడు. ఆ లోపల అవతలివాళ్ళు గడి గడికీ షికారుగా నడిచారు. షాహబాజ్ రెండు రన్నులు కొట్టి బోలెడు పోగొట్టాడు. కొట్టినవి బోర్డు మీద పడ్డాయి. పోగొట్టినవి అంజిబాబు ఖాతాలో పడ్డాయి. తర్వాతి ఆటా అంతే.

నరేశ్ దూరంగా కంచె దగ్గర నిలబడ్డాడు, నీ కోరిక ప్రకారం. నలుగురికీ కనబడ్డాడు. కర్ర ఇస్తే ఈగలు తోలాడు.

పండగ మర్నాడు వాణ్ణి సైటుకు పంపేశారు. జబల్ అలీ వైపు టవరు, నీడ తగలనంత ఎత్తులో. మకాం సోనాపూర్ లేబర్ క్యాంపుకు మార్చారు. తెల్లారకముందే బస్సు ఎక్కుతాడు. నిన్న వచ్చిపోయాడు. పెదవులు పగిలి ఉన్నాయి. "నాయినను ఏమనకు మామా" అన్నాడు.

నేను అంటాను. వాడు చేసే పని ఏమిటో నీకు తెలియదు. ఫొటో చూసి బడిలో గోడకుర్చీ అనుకున్నావు. కటింగ్ షాపువాళ్ళు నవ్వితే నీ కొడుకు నీడ పోగొట్టావు. నీకు పట్టడం గురించి ఏం తెలుసని మాట్లాడావు?

హన్మంతు

◆

దామరపల్లి
15 ఏప్రిల్ 2025

హన్మంతూ,

బామ్మర్దీ అని రాయబుద్ధి కాలేదు.

నాకు పట్టడం గురించి ఏం తెలుసు అని అడిగావు. అడిగింది నువ్వు గాబట్టి నవ్వొచ్చింది. ఇంకొకడు అడిగితే కొట్టేవాణ్ణి.

ఆర్మూరులో బియ్యం మిల్లు కట్టినప్పుడు నీకు మీసాలు లేవు. నీ పెళ్ళీ కాలేదు, నా పెళ్ళి అయింది. కింద నుంచి ఇటుక ఎవడు విసిరాడు? నువ్వు. పైన పరంజా మీద ఎవడు పట్టాడు? మర్చిపోయావు. అందరూ మర్చిపోయారు, నువ్వూ మర్చిపోతే తప్పేం లేదు.

ఇటుక పైకి వచ్చి, పడిపోయే ముందు ఒక్క రెప్పపాటు గాలిలో నిలబడుతుంది. అప్పుడు పట్టాలి. ముందు పట్టుకుంటే వేళ్ళు పోతాయి, ఆలస్యమైతే కిందవాడి తల పోతుంది. నువ్వు నేరుగా విసిరేవాడివి అనుకుంటున్నావు కదూ ఇప్పటికీ? నీ ఇటుకలు కల్లు తాగినట్టు వచ్చేవి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. నేను పరంజా కర్ర చంకలో పెట్టుకుని బయటికి వంగి పట్టేవాణ్ణి. పట్టి, నేరుగా వచ్చినట్టే పక్కన పేర్చేవాణ్ణి. కింద మేస్త్రి తలెత్తి చూసి అనేవాడు, "హన్మంతు చెయ్యి తూకం లెక్క ఉన్నదిరా, ఒక్కటి కూడ కింద పడలే" అని.

నీ ఉత్తరంలో నరేశ్ బంతిని ఇంత లోపలికి తెచ్చి నిలుపుతాడని రాశావు చూడు, అది చదివినప్పుడు నేను బర్రెకు గడ్డి వేయడం మర్చిపోయాను. వాడికి ఎవరూ నేర్పలేదు.

చెయ్యి తూకంగా ఉందని మేస్త్రి నీకు తాపీ ఇచ్చాడు. నువ్వు సుతారివి అయ్యావు, గోడలు కట్టావు, ఆ పని మీదనే దుబాయ్ పోయావు. నేను ఇటుకలు పట్టుకుంటూనే ఉన్నాను. తర్వాత కంకర మిల్లుకు పోయాను. నీ మీద కోపం లేదు. నువ్వు విసిరావు, మేస్త్రి చూసింది చూశాడు. నా ఎడమ చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. కంచం అందుకునేటప్పుడు మీ అక్క రోజూ చూస్తుంది, నువ్వు ఎప్పుడూ అడగలేదు.

నాకు ఆట తెలియదు, నిజం. పట్టేవాడికి ఏం దొరుకుతుందో తెలుసు. పట్టుకుంటే ఎవడూ చూడడు, జారితే అందరూ తలెత్తుతారు. నా కొడుక్కు అది వద్దనుకున్నాను. అందుకే లెవ్ అన్నాను. కటింగ్ షాపు గురించి కాదు.

సైటుకు పంపుతారని నువ్వు ముందే రాశావు. లేస్తే పేరు వస్తుంది, పంపరనుకున్నాను. పంపారు. పెదవులకు వెన్న రాసుకోమను.

భూమేశ్

◆

అల్ వర్సాన్
21 ఏప్రిల్ 2025

బావా,

నీ ఉత్తరాన్ని ఈసారి అంజిబాబు చదివి నవ్వలేదు. ఫోను నా చేతిలో పెట్టి బయటికి పోయాడు.

నాకు రాయడం రాదు. ఒక్కటే రాస్తాను. ఇటుక విసిరినాక నేను పైకి చూసేవాణ్ణి కాదు. అప్పుడే ఇంకోటి అందుకోవడానికి వంగేవాణ్ణి. తల మీద పడుతుందని ఏనాడూ భయపడలేదు. ఎందుకు భయపడలేదో ఇన్నేళ్ళూ ఆలోచించలేదు.

ఇప్పుడు పని మాట. వచ్చే నెలలో ఎండాకాలం ముందు చివరి ఆట ఉంది. అంజిబాబు ముదీర్ దగ్గరికి పోయి తన హిందీలో చెప్పాడట, నరేశ్ వెనక లేకపోతే విసరనని. నాతో అన్నాడు, "ఆడు ఎనకాల కూకుంటే నేనేదో పెద్ద మొనగాణ్ణనిపిత్తాది బాబాయ్. షాహబాజ్ కూకుంటే నాకు భయమేత్తంది, ఎక్కడికిసిరినా పోద్దని." షాహబాజ్ కూడా పోయాడు. వాడిమీద నేను చాలా మాటలు రాశాను, ఒకటి రెండు వెనక్కి తీసుకుంటాను. "చాచా, ఆ కూసునుడు నాతోని గాదు. మోకాళ్ళు గుంజుతున్నయ్. మీవోడు మనిషేనా?" అన్నాడు.

ముదీర్ ఒక్క ఆటకు ఒప్పుకున్నాడు. బాగుంటే స్టోరు, లేకపోతే ఎండాకాలమంతా టవరే. బాగుండడం అంటే ఏమిటో ఆయనకూ తెలియదు.

కానీ నరేశ్ రానన్నాడు. సోనాపూర్ పోయి అడిగాను. "నాయిన లెవ్వన్నడు మామా. మళ్ల కూసుంటే ఆయన మాట తీసినట్టయితది" అన్నాడు. నేను ఎంత చెప్పినా నేల చూశాడు. ఈ వంశంలో చెవులు ఉన్నవాళ్ళూ వినరు.

నేను చెప్తే కాదు. ఇక నీ ఇష్టం.

హన్మంతు

◆

దామరపల్లి
26 ఏప్రిల్ 2025

బామ్మర్దీ,

ఫోన్ చేశాను. కుడిచెవి దగ్గర పెట్టుకుని, ఇంట్లో అందరినీ బయటికి పంపి చేశాను. బాగేనా అన్నాను. బాగే అన్నాడు. బర్రె సంగతి, పసుపు సంగతి చెప్పాను. ఉమాదేవి అంటుంది ఎంతసేపు మాట్లాడినా బిల్లు రాదని.

తర్వాత "కూసో" అన్నాను.

అర్థమైందో లేదోనని మళ్ళీ అన్నాను. "బిడ్డా, కూసో. మోకాళ్ళు కాదు, పాదాల మీద బరువెయ్యి. ఎడమ చిటికెన వేలు లోపలికి మడిచి పట్టు" అన్నాను. "నీకెట్ల ఎరుక నాయినా" అన్నాడు. మామను అడుగు అన్నాను.

దున్నపోతు పిల్లను అమ్మలేదు. ఉండనీ.

భూమేశ్

◆

అల్ వర్సాన్
13 మే 2025

బావా,

ఆట మొన్న ఆదివారం అయిపోయింది. ఉక్కపోతలో ఆడారు. పెద్దమనుషులు గుడారం కింద ఫ్యాన్లు పెట్టుకుని చూశారు.

నరేశ్ కర్ర పట్టినప్పుడు ఈగలు తోలాడు. ముదీర్ తల తిప్పుకున్నాడు. పక్కనున్న కోటు ఆయన ఇంగ్లీషులో ఏదో అని నవ్వాడు. ఆ నవ్వు ఏ భాషలోనైనా ఒకటే. మే నెలలో కోటు వేసుకున్నవాడు ఒకరిని చూసి నవ్వడం నేను అక్కడే చూశాను.

తర్వాత మనవాడు జాలీ వేసుకుని కూర్చున్నాడు. చిటికెన వేలు మడిచి తోలు గ్లౌజులో దూర్చాడు, నేను చూశాను.

అంతా చెప్పను. ఒక్కటి చెప్తాను. ఆఖరున మనవాళ్ళకు ఒక్క రన్ను ఎక్కువ ఉంది, అది షాహబాజ్ కొట్టినదే. అవతలివాడు ఒకడు చివరి గడిలో కాలు ఎత్తి పెట్టుకుని ఉన్నాడు, బంతి జారితే నరేశ్ ముందున్న 'ఇంటికి' ఉరకడానికి. అంజిబాబు బంతిని నేలకు కొట్టాడు, నీ బామ్మర్ది ఇటుకలాగా. అది ఇసుకలో లేచి పక్కకు తిరిగింది. నరేశ్ చెయ్యి పెట్టలేదు, ఒళ్ళంతా అడ్డం పెట్టాడు. బంతి గుండెకు తగిలి వాడి ముందరే పడింది. ఉరికినవాడు సగంలో ఆగి వెనక్కి పోయాడు. తర్వాతి బంతికి కొట్టేవాడు ఔట్.

ఏమీ జరగలేదు బావా. ఉరికినవాడు ఇంటికి చేరలేదు, రన్ను రాలేదు, బోర్డు మీద గీత పడలేదు. అందరూ అదేదో ఊరికే అయిందనుకున్నారు.

గెలిచారు. కప్పు షాహబాజ్ చేతికి ఇచ్చారు. ముదీర్ వాడి భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. ఆ కప్పు ఇత్తడి కూడా కాదు, రంగు. అంజిబాబును అందరూ ఎత్తుకున్నారు. నరేశ్ ఒక మూల జాలీ తీసి మొహం కడుక్కుంటున్నాడు. ఫొటోలో వాడి మోచెయ్యి ఒక్కటే పడింది. అక్కకు పంపుతున్నాను, ఈసారి గుర్తు పట్టడం ఇంకా కష్టం. కటింగ్ షాపుకు కూడా పంపమను.

నిన్న పొద్దున సోనాపూర్ బస్సు మా గేటు దగ్గర ఆగింది. నరేశ్ సంచీతో దిగాడు. ఎవరు రమ్మన్నారు అంటే, "ముదీర్ యల్లా, నడువు, స్టోర్ అన్నడు మామా. గంతే" అన్నాడు. ఎందుకు అని చెప్పలేదట. తెలిస్తే కదా చెప్పడానికి. రేకు కిందికి పోయి పెట్టెలు దించుతున్నాడు. ఇప్పుడు రాస్తుంటే కనబడుతున్నాడు.

ఇంకొకటి. ఆదివారం చప్పట్లన్నీ అయిపోయి, ఫ్యాన్లు కట్టేసి, గుడారం విప్పుతున్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. నాకు అలవాటు లేదు, చేతులు సరిగా కలవలేదు. నరేశ్ మొహం తుడుచుకుంటూ చూశాడు. షాహబాజ్ నవ్వాడు. "గిప్పుడా చాచా? అంత అయిపోయినంక?" అన్నాడు.

ఆలస్యమైందని నాకు తెలుసు. అయినా చాలాసేపు కొట్టాను. సగం నరేశ్‌కు.

వేలు ఎట్లా ఉందో రాయి.

నీ బామ్మర్ది
హన్మంతు